ఢిల్లీ చేసిన చట్టం, అన్న పోసిన ఒడిబియ్యం

పార్లమెంటు పాఠం చెప్పాల్సి వచ్చిన ప్రతి ఏడూ నాకు ఒళ్లు మండేది. నిజామాబాద్‌లో ఆడపిల్లల సర్కారు బడిలో సోషల్ టీచర్ని నేను. ఎనిమిదో తరగతి పుస్తకంలో ఆ గుండ్రటి భవనం బొమ్మ వేసి, దేశానికి చట్టాలు చేసేది ఈ సభేనని రెండు పేజీల్లో తేల్చేశారు. ఏ చట్టం చేయగలదు, ఏది చేయలేదు, చేయలేనిది చేస్తే ఎవరి కొంప మునుగుతుంది, దాని గురించి ఒక్క ముక్క లేదు. రాసినాయన కొంప మునగలేదు కాబట్టి రాయలేదు. మునగబోయింది నాది.

మాది బోధన్ పక్క పల్లె. నిజాంసాగర్ కాలువ కింద బాపు చెరుకు పెట్టేవాడు. నరికే కాలం వస్తే ఫ్యాక్టరీ గేటు దగ్గర ఎడ్లబండ్ల బారులో తన వంతు కోసం బండి కిందే పడుకుని, అక్కడే లేచి, అక్కడే రొట్టె తినేవాడు. ఆ చెరుకుతోనే అన్నను హైదరాబాద్ పంపి వకీలును చేశాడు. నన్ను టీచరు ట్రైనింగు దాకా చదివించాడు. అన్న అంటే మా ఇంట్లో కలెక్టరు కిందే లెక్క. నల్లకోటు వేసుకుని గడప దాటితే అవ్వ కూడా లేచి నిలబడేది. నాకు అప్పటి నుంచే చిరాకు. కన్నతల్లి లేచి నిలబడుతుంటే, కూర్చో అవ్వా అని ఒక్క మాట అనని మనిషి ఏం వకీలు?

కాలువ నీళ్ల కోసం కోస్తా నుంచి వచ్చి భూములు పట్టిన వాళ్ల ఊళ్లను మా వైపు క్యాంపులు అంటారు. మా ఆయన అలాంటి ఒక క్యాంపు మనిషి. ఆంధ్రను, తెలంగాణను ఒకే రాష్ట్రంగా కలిపాక, తండ్రితో పాటు కృష్ణ వైపు నుంచి వచ్చాడు. రుద్రూర్ సర్కారు ఫారంలో కొత్త రకం విత్తనపు చెరుకు ఇస్తున్నారంటే బాపు బండి కట్టుకుని పోయాడు. అక్కడే ఆయన కనిపించాడు. పిల్లగాడు చెరుకు ముక్కను చేతిలో తిప్పి చూసే తీరు బాపుకు తెగ నచ్చేసింది. ఇంటికి వచ్చి నా పెళ్లి మాట ఎత్తాడు.

అన్న భగ్గుమన్నాడు. "క్యాంపోనికి ఇస్తవా బాపూ? నీకేమన్న పిచ్చి లేసిందా? నలుగుర్ల నేను తల ఎట్ల ఎత్తుకోవాలె?"

బాపు చుట్ట వెలిగించుకుంటూ అన్నాడు, "నీ కోటు సూసి నీకు పిల్లనిచ్చిండ్రు. వాని పొలం సూసి నేను నా బిడ్డనిస్తున్న. ఏది మంచి బేరమో సూద్దాం తియ్."

పెళ్లయింది. అన్న వచ్చాడు, అక్షింతలు వేశాడు, మొహం మాత్రం మాడిన రొట్టెలా పెట్టుకున్నాడు. బాపు పోయాక నాకు ఒడిబియ్యం పోసే బాధ్యత అన్న మీద పడింది. పెళ్లయిన ఆడబిడ్డను పుట్టింటివాళ్లు భర్తతో పాటు పీట మీద కూర్చోబెట్టి, ఇద్దరికీ కొత్త బట్టలు పెట్టి, ఆమె కొంగు ఒడిలో పసుపు కలిపిన బియ్యం, ఎండు కొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, రవికె గుడ్డ పోస్తారు. నువ్వు ఎవరింటికి పోయినా ఈ ఇంటి బిడ్డవేనని దాని అర్థం. కొన్నేళ్లకోసారి పోస్తారు. పోయకపోతే ఊరు అడుగుతుంది. అన్నకు ఊరంటే భయం. అందుకే తప్పకుండా పోసేవాడు. క్యాంపోడు అని తిట్టిన మనిషికి కొత్త ధోతి చేతులతో అందించి, బొట్టు పెట్టేవాడు. నాకు లోపల నవ్వు వచ్చేది.

ఇక నా ఉద్యోగం సంగతి. రాష్ట్రాలను కలిపినప్పుడు మా వాళ్ల భయం ఒక్కటే. అటు నుంచి చదువుకున్నవాళ్లు వచ్చి ఇక్కడి కొలువులన్నీ తన్నుకుపోతారని. ఆ భయం ఉత్తది కాదు, నేనే కళ్లారా చూశాను. నిజాం కాలం నుంచి ముల్కీ రూల్సు అని ఉండేవి, ఇక్కడ పుట్టినవాడో, పదిహేనేళ్లు ఇక్కడే ఉన్నవాడో ముల్కీ, అంటే ఈ నేల మనిషి, అతనికే ఇక్కడి కొలువు అని. వాటి స్థానంలో ఢిల్లీ పార్లమెంటు తనే ఒక చట్టం చేసింది. పదిహేనేళ్లు తెలంగాణలో ఉన్నవాళ్లకే ఇక్కడి సర్కారు ఉద్యోగమని ఆ చట్టం కింద రూలు పెట్టారు. ఆ లెక్కన నాకు టీచరు పని దొరికింది. నేను పుట్టింది ఇక్కడ, పెరిగింది ఇక్కడ. నీ మొగుడు ఎక్కడివాడు అని ఆ రూలు అడగలేదు. అందుకే దాని మీద నాకు గౌరవం ఉండేది.

ఆ పని మాకు ఎంత ముఖ్యమో చెప్పాలి. మా పొలం కాలువ చివర ఉంది. పైవాళ్లు తడుపుకున్నాక మిగిలితేనే మాకు నీళ్లు. ఒక ఏడు నీళ్లు రావు, ఒక ఏడు చెరుక్కి ఎర్రకుళ్లు వస్తుంది. ఇద్దరు ఆడపిల్లలు. నా జీతం మీదే పొయ్యి వెలిగేది. అదీగాక, భూమి మామగారి పేరు మీద, నిజామాబాద్‌లో ఇల్లు కిరాయిది, ఎడ్లు మా ఆయనవి. నాదని చెప్పుకోవడానికి ఆ బడిలో నా కుర్చీ ఒక్కటే ఉంది.

అరవై తొమ్మిదిలో ప్రత్యేక తెలంగాణ కావాలని గొడవలు లేచాయి. బళ్లు మూతపడ్డాయి, పిల్లలు రోడ్ల మీదికి వచ్చారు. అన్న పసుపు అమ్మే గంజ్ దగ్గర బస్తాల మీద నిలబడి ఉపన్యాసాలు ఇచ్చేవాడు. మా ఆయన పొలం నుంచి వచ్చి, బోధన్ బస్సు దిగి ఇంటికి చేరేదాకా నేను గుమ్మంలోనే నిలబడేదాన్ని. నోరు తెరిస్తే చాలు, ఆయన మాట ఎక్కడిదో తెలిసిపోతుంది. అందుకని దారి పొడుగునా మూగవాడిలా వచ్చేవాడు. నా మొగుడు నా ఊళ్లో నోరు మూసుకుని నడవాల్సిన గతి పట్టింది!

ఆ రోజుల్లోనే ఢిల్లీలో పెద్ద కోర్టు పార్లమెంటు చేసిన ఆ చట్టంలో మాకు పనికొచ్చే ముక్కను కొట్టేసింది. అన్న మా ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చుని, కోర్టులో వాదిస్తున్నట్టు వివరించాడు.

"రాజ్యాంగంల రాష్ట్రం అని రాసుంది చెల్లె. రాష్ట్రం మొత్తానికి గిసోంటి రూలు పెట్టే అధికారం పార్లమెంటుకుంది. రాష్ట్రంల సగం ముక్కకు పెట్టే అధికారం లేదు. లేని అధికారంతోని చేసిండ్రు, కోర్టు తీసి అవతల పారేసింది."

"అంత మంది పెద్దమనుషులు కూసొని చేసిండ్రు గదన్నా, ఒక్కడన్న సూసుకోలేదా?"

"సూసుకోలె."

"మా బడిల పిల్ల లెక్క తప్పు చేస్తే నేను చెవి మెలిపెడ్త. వాళ్ల చెవి ఎవరు మెలిపెడ్తరు?"

"కోర్టు మెలిపెట్టింది గద."

"వాళ్ల చెవి కాదన్నా, నాది మెలిపెట్టింది."

అన్న నవ్వాడు. నేను నవ్వలేదు. చేసినవాళ్ల కుర్చీలు చేసినవాళ్ల కిందే ఉన్నాయి. కదిలింది నాది. సరే, అప్పటికి నన్నెవరూ తీసేయలేదు. గొడవలు చల్లారాయి, బళ్లు తెరిచారు, నేను మళ్లీ ఆ గుండ్రటి భవనం పాఠం చెప్పుకుంటూ పోయాను.

కొన్నేళ్లకు అదే కోర్టు ఇంకో మాట చెప్పింది. నిజాం నాటి ముల్కీ రూల్సు చావలేదు, ఇంకా బతికే ఉన్నాయట! వినగానే నాకు మతి పోయింది. ప్రజలు ఓట్లేసి పంపిన సభ చేసిన చట్టం చెల్లదు. ఎవరి ఓటూ లేని నవాబు, రాజ్యమూ పోయి తనూ పోయిన నవాబు, ఎప్పుడో పెట్టిన రూలు చెల్లుతుంది. పార్లమెంటు వచ్చి తీసేసేదాకా పాత రూలు నడుస్తుందని రాజ్యాంగంలోనే ఉందని అన్న చెప్పాడు. ఉంటే ఉండనీ. నాకు మాత్రం ఢిల్లీలో అందరూ కలిసి నా నెత్తిన కూర్చున్నట్టే అనిపించింది.

అన్న సంబరం చూడాలి! కోర్టు ఆవరణలో పేడాలు పంచాడు. మా పిల్లలకు కూడా ఒక పొట్లం పంపాడు. నేను కూడా ఒకటి తిన్నాను. మా వాళ్లకు మేలు జరిగితే నాకూ మేలే అనుకున్నాను.

తర్వాత ఒకరోజు మా పెద్ద టీచరమ్మ నన్ను తన గదిలోకి పిలిచింది. మంచి మనిషి, మెథడిస్టు చర్చి వాళ్ల ఆడకూతురు, గట్టిగా మాట్లాడటం కూడా తెలియదు. కాసేపు కళ్లద్దాలు తుడుచుకుంది.

"నీ పని మీద విద్యాశాఖ దఫ్తర్ల అడ్డు పెట్టిండ్రమ్మా. పాత రూల్సుల పెండ్లయిన ఆడమనిషి మొగునితోనే పోతదట. మొగుడు ముల్కీ కాకుంటే ఆమె కూడ కానట్టేనట. మీ ఆయన ఇక్కడికి వచ్చి పదిహేనేండ్లు కాలే గదా?"

"నేను పుట్టిందే ఇక్కడ అమ్మా!"

"అదే చెప్పిన. పుట్టుక పెండ్లితోని కొట్టుకపోయిందంటున్నరు."

"ఇన్నేండ్లు లేనిది ఇప్పుడెందుకు సూస్తున్నరు?"

ఆమె మళ్లీ కళ్లద్దాలు తుడుచుకుంది. "జిల్లాల ఆడ టీచర్లందరినీ పాత రూల్సు పెట్టి సూడాలెనని అర్జీ పడ్డదమ్మా. ఇచ్చింది మీ అన్ననే."

బడి విడిచాక ఇంటికి పోలేదు. తిన్నగా అన్న ఇంటికి పోయాను. ఆయన కక్షిదారులతో ఉన్నాడు. అందరి ముందే అడిగాను.

"నా పొట్ట కొట్టనీకి నీకు చేతులెట్ల వచ్చినయన్నా?"

కక్షిదారులు చెప్పులు వెతుక్కుని బయటికి పోయారు. అన్న తెల్లబోయాడు. తెల్లబోవడం నటన కాదు, అది నాకు తెలుసు. ఆయనకు నటన రాదు, వచ్చుంటే ఇంకా పెద్ద వకీలు అయ్యేవాడు.

"నీ సంగతా? నీకెందుకైతది? నేను అర్జీ ఇచ్చింది అటు నుంచొచ్చిన ఆడోళ్ల మీద. ఇక్కడోళ్లమని దొంగ కాగితాలు తెచ్చుకున్నోళ్ల మీద."

"రూలు సదవలేదా నువ్వు?"

"సదివిన."

"పెండ్లయిన ఆడోళ్ల ముచ్చట లేదా అండ్ల?"

"ఉంది. సదివినప్పుడు నువ్వు యాదికి రాలే. నువ్వు మా ఇంటి బిడ్డవు గదనే! ఒడిబియ్యం పోస్తున్నం, పోసుకుంటున్నవ్. నువ్వు పరాయిదానివి ఎట్లయితవ్ అనుకున్న."

ఇది మా వాళ్లు మాత్రమే చేయగల తప్పు. ఆడబిడ్డ ఒడిలో బియ్యం పోసి, నువ్వు ఎప్పటికీ మా ఇంటిదానివి అని చెప్పి చెప్పి, చివరికి ఆ మాట సర్కారు కూడా ఒప్పుకుందని నమ్మేస్తారు. హైదరాబాద్‌లో చదివిన వకీలు కూడా నమ్మేశాడు. రూలు పుస్తకం చేతిలో పెట్టుకుని, దాని మీద మా పీటను, పసుపు బియ్యాన్ని వేసుకుని చదివాడు.

అంతటితో ఆగి ఉంటే నేను తిట్టి, ఏడ్చి, మరిచిపోయేదాన్ని. తప్పు ఎవరు చేయరు? "నేను సూసుకుంట, నువ్వు ఇంటికి పో" అన్నాడు. ఎలా చూసుకున్నాడో చెప్తాను.

కొద్ది రోజులకు అవ్వను, వదినను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు, ఒడిబియ్యం పోయడానికి. పోయాల్సిన ఏడు ఇంకా రానే లేదు. అవ్వ మొహం వెలిగిపోతోంది. అన్నాచెల్లెళ్ల మధ్య మాట పట్టింపు వచ్చింది, బియ్యంతో సర్దుకుంటుందని ఆమె ఆశ. అవ్వ కోసం నేను నోరు మూసుకున్నాను. పీటలు వేశారు. మా ఆయనకు కొత్త ధోతి పెట్టారు, నాకు ఆకుపచ్చ చీర. అన్న దోసిళ్లతో బియ్యం పోశాడు. వదిన కుడుకలు పెట్టింది. ఒడి నిండి బరువెక్కింది. ఏదేమైనా నాకు కళ్లు చెమ్మగిల్లాయి. పుట్టింటి బియ్యం ఒడిలో పడుతుంటే ఏ ఆడదానికైనా అంతే.

మా ఆయన కొత్త ధోతిలోనే, తన అత్తగారు వచ్చారని సోడాలు తేవడానికి గల్లీ చివరికి పోయాడు. ఆయన అటు పోగానే అన్న నా పక్కకు జరిగాడు. గొంతు తగ్గించాడు.

"నేను రూల్సు మళ్ల సదివిన. దారి దొరికింది. మొగుడు సచ్చిపోతెనో, విడిచిపెడ్తెనో, ఆడమనిషి ఇక్కడనే కొన్నేండ్లు ఉంటె మళ్ల ముల్కీ అయితది. సచ్చిపోవుడు మన చేతుల లేదనుకో. కాగితం మీద విడిచిపెట్టు. ఉత్త కాగితం మీదనే. అందాక బావను క్యాంపుల ఉండుమను, నువ్వు పిల్లలతోని మా ఇంట్ల ఉండు. ఆ కాగితం సూపించి దఫ్తర్ల నేను గడువు అడుగుత. కొలువు నిలుస్తది."

వదిన తల దించుకుంది. ఆమెకు ముందే తెలుసని అర్థమైంది. అవ్వకు తెలియదు, నోరు తెరుచుకుని చూస్తోంది.

నా ఒడిలో అన్న పోసిన బియ్యం ఇంకా అలాగే ఉంది. ఆయన పెట్టిన ధోతి కట్టుకుని నా మొగుడు ఆయనకే సోడా తేవడానికి పోయాడు. నేను లేచాను. కొంగు ముడి వేయలేదు. అన్న తెచ్చిన ఇత్తడి గిన్నె మీదికి వంగి, ఒడిలోని బియ్యమంతా అందులోకి వంచేశాను. కుడుకలు దొర్లి నేల మీద పడ్డాయి.

"అయ్యో, అట్ల చెయ్యకే! కీడు బిడ్డా, కీడు!" అవ్వ నెత్తి కొట్టుకుంది.

"కీడు నేను చెయ్యలేదవ్వా. నీ కొడుకు సంచిల పెట్టుకొని తెచ్చిండు. అన్నా, లెవ్వు. ఆయన సోడాలు తెచ్చేలోపు పో. ఆయన ముంగట ఈ మాట అన్నవంటే నేను నీ నల్లకోటు చింపి పొయ్యిల పెడ్త."

మా ఆయన తిరిగి వచ్చేసరికి వాళ్లు లేరు. సోడాలు చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "ఏమైందే? భోజనం చేయకుండానే వెళ్లిపోయారేంటి?" అన్నాడు. జరిగింది చెప్పాను. ఆయన ధోతి విప్పి మడిచి పెట్టి, పాత లుంగీ కట్టుకున్నాడు. "నా వల్ల నీ ఉద్యోగం పోతోంది కదా" అన్నాడు. నేను ఆయన్ని కూడా తిట్టాను. నీ వల్ల కాదు, ఢిల్లీలో తమ అధికారం ఎక్కడి దాకా ఉందో తెలియక చట్టాలు చేసినవాళ్ల వల్ల, తెలిసీ నన్ను మరిచిపోయిన మా అన్న వల్ల అని అరిచాను. పిల్లలు ఏడుపు మొదలుపెట్టారు.

ఆ తర్వాత నెలలు నెలలు రోజూ బడికి పోతూ, ఈ రోజే చివరిదేమో అనుకుంటూ పాఠం చెప్పాను. దఫ్తరుకు తిరిగాను. అక్కడి గుమాస్తా ప్రతిసారీ ఒకటే పాట, పైనుంచి రావాలమ్మా అని. పై అంటే ఎంత పైనో ఆయనకూ తెలియదు. ఈలోపు ఆ రూల్సు వద్దని కోస్తాలో పెద్ద గొడవ జరిగింది. రాష్ట్రంలో మంత్రులు దిగిపోయారు. నేను రెండు వైపులనూ తిట్టుకుంటూ అన్నం వండుకున్నాను. ఇటువాళ్లకు నేను క్యాంపోని పెళ్లాన్ని, అటువాళ్లకు తెలంగాణ దాన్ని.

చివరికి ఢిల్లీ సభ మేలుకుంది. ముల్కీ రూల్సును తీసేస్తూ చట్టం చేసింది. తర్వాత రాజ్యాంగాన్నే సవరించి, రాష్ట్రంలో ఒక్కో భాగానికి వేరే పద్ధతి పెట్టడానికి ముందు లేని దారిని తెచ్చుకుంది. దారి అలా తెచ్చుకోవచ్చని తెలిసినవాళ్లు మొదట్లోనే ఆ పని చేయొచ్చు కదా! ఎవరు అడుగుతారు? నా మీద పెట్టిన అడ్డు తీసేశారు. పెద్ద టీచరమ్మ నన్ను పిలిచి నా చేతులు పట్టుకుంది. నేను ఏడవలేదు. కుర్చీలో కూర్చుని హాజరు పిలిచాను.

ఆ ఎండాకాలం సెలవుల్లో అన్న వచ్చాడు. వెనకాల వదిన, చేతిలో అదే ఇత్తడి గిన్నె, మీద కొత్త గుడ్డ కప్పి ఉంది. అవ్వకు అప్పటికి పక్షవాతం, మంచం మీదే ఉంది. ఆమె పంపిందట. నేను గుమ్మంలోనే నిలబడ్డాను, పక్కకు జరగలేదు.

"ఇంకేందే? రూలే పోయింది గద. పార్లమెంటే తీసేసింది. నీ కొలువు నీకున్నది. పీట వెయ్, ఒడిబియ్యం పోసిపోత. అవ్వ ఎదురుసూస్తుంది."

"పార్లమెంటు తను పెట్టినవి తీసేసుకుంటది, నవాబు పెట్టినవి తీసేస్తది, రాజ్యాంగాన్ని కూడ తిరిగి రాసుకుంటది. అండ్ల నాకేం అనుమానం లేదన్నా. నా మొగుణ్ని విడిచిపెట్టుమని నువ్వన్న మాట తీసేసే అధికారం దానికి లేదు. అది నీ ఒక్కనికే ఉండె. ఇన్ని నెలల్ల ఒక్కసారన్న వచ్చి, తప్పయింది చెల్లె అన్నవా?"

అన్న నోరు తెరిచాడు. ఇప్పుడు అంటాడేమో అని నేను చూశాను. నిజంగానే చూశాను, అంటే పక్కకు జరిగి పీట వేద్దామనే చూశాను.

"నీ మంచికే చెప్పిన" అన్నాడు.

నేను తలుపు వేసుకున్నాను. వదిన చేతి గాజులు గిన్నెకు తగిలి చప్పుడైంది, తర్వాత గల్లీలో చెప్పుల చప్పుడు. అవ్వ చనిపోయినప్పుడు అన్న ఇంటికి పోయాను, ఏడ్చాను, అన్న పక్కనే నిలబడ్డాను, మాట్లాడలేదు. నాకు మనవరాళ్లు పుట్టారు, కొలువు నుంచి దిగిపోయాను, అన్న కోటు విప్పేశాడు. ఆ మాట ఆయన ఈ రోజుకూ వెనక్కి తీసుకోలేదు. నేను మళ్లీ ఒడి పట్టలేదు.